మాలిక్ అష్తర్ – కంటి గాయమే పేరైన యోధుడు

కూఫా నగరంలో ఒక రోజు ఇద్దరు పండితులు కలిసి మస్జిదు వైపు బయలుదేరారు. ఒకరు ఇబ్రాహీం నఖయీ (రహ్మ). ఆయనకు ఒక కన్ను లేదు. రెండోవారు ఆయన శిష్యుడు సులైమాన్ బిన్ మెహ్రాన్ (రహ్మ). ఆయన కళ్ళు బలహీనం, ఎప్పుడూ నీళ్ళు కారుతూ ఉండేవి. అందుకే లోకమంతా ఆయన్ని ఆమష్ అని పిలిచింది. కొంత దూరం నడిచాక గురువుగారు ఆగి, మనం వేర్వేరు దారుల్లో వెళ్దామని శిష్యునితో అన్నారు. ఒంటికన్నువాడు నీటికళ్ళవాణ్ణి నడిపించుకుపోతున్నాడని జనం నవ్వుకుంటారని, ఆ మాటలతో వారు పరోక్ష నిందాపాపంలో పడతారని ఆయన బాధ. వారు పాపం మూటగట్టుకుంటే మనకు పుణ్యమే కదా అని శిష్యుడు అడిగారు. వారూ క్షేమంగా ఉండి, మనమూ క్షేమంగా ఉండటమే అంతకంటే మేలని గురువు బదులిచ్చి, పక్క వీధిలోకి తిరిగారు. చరిత్ర గ్రంథాల్లో ప్రసిద్ధమైన వృత్తాంతం ఇది.

ఇప్పుడు మన ఇళ్ళు చూసుకుందాం. మెల్లకన్ను ఉన్న పిల్లవాణ్ణి భేంగా అంటాం. కాలు ఈడ్చే అబ్బాయి లంగ్డా. ఒక కన్ను పోయిన పెద్దాయన వెనుక నుంచి కానా. ఆ మాట అన్నది బయటివాళ్ళే కాదు, సొంత ఫూఫీలు, చాచాలు కూడా. అల్ హుజురాత్ సూరా 11వ ఆయతులో అల్లాహ్ విశ్వాసులను ఒకరినొకరు ఎగతాళి చేయవద్దనీ, చెడ్డ పేర్లతో పిలుచుకోవద్దనీ స్పష్టంగా వారించాడు. అయితే పాఠకులకు ఒక సందేహం రావచ్చు. హదీసు గ్రంథాల నిండా ఆమష్ (నీటికళ్ళవాడు), ఆరజ్ (కుంటివాడు), అహ్‌వల్ (మెల్లకన్నువాడు) అనే పేర్లు ఉన్నాయి కదా? ఇమామ్ నవవీ (రహ్మ) రియాజుస్సాలిహీన్‌లో దీనికి సమాధానం ఇచ్చారు. ఒక మనిషి ఆ పేరుతోనే ప్రసిద్ధుడై, గుర్తు పట్టడానికి మాత్రమే దాన్ని వాడితే దోషం లేదు. కించపరచే ఉద్దేశం ఉంటే మాత్రం అది నిషిద్ధమే. వేరే పేరుతో గుర్తు చెప్పగలిగితే అదే ఉత్తమం. దైవప్రవక్త ముహమ్మద్ (స) పొడవైన చేతులున్న ఒక సహాబీని జుల్‌యదైన్ అని ప్రస్తావించిన సంఘటన సహీహ్ బుఖారీలో ఉంది.

ఇంత చెప్పటానికి కారణం ఉంది. ఇబ్రాహీం నఖయీ (రహ్మ) పేరులోని నఖా అన్నది యమన్‌కు చెందిన ఒక తెగ, మజ్‌హిజ్ అనే పెద్ద తెగలో శాఖ. మన హనఫీ ఫిఖాకు మూలమైన గురుపరంపరలో అల్‌ఖమా, ఇబ్రాహీం ఇద్దరూ ఆ తెగవారే. వారికంటే ముందు తరంలో అదే తెగ నుంచి మరో మనిషి వచ్చాడు. చదువుతో కాదు, ఖడ్గంతో పేరు పొందాడు. తల్లిదండ్రులు పెట్టిన పేరు మాలిక్ బిన్ హారిస్. ఆ పేరు చెబితే ఆయన కాలంలోనే చాలామందికి తెలిసేది కాదు. అష్తర్ అంటే మాత్రం అరబ్బు దేశమంతా గుర్తు పట్టేది.

అరబీలో షతర్ అంటే కంటి రెప్ప తిరగబడటం. పుట్టుకతో ఇది రావడం అరుదని అరబీ నిఘంటుకారులు వ్రాశారు. అంటే అష్తర్ అని పిలవగానే, ఈ మనిషికి ఎక్కడో ఒక దెబ్బ తగిలిందని విన్నవారికి అర్థమయ్యేది.

ఆ దెబ్బ తగిలింది యర్మూక్ మైదానంలో అని అధిక సంఖ్యాకులైన చరిత్రకారుల మాట. అంతకు ముందే రిద్దా యుద్ధాల్లో తలకు తగిలిన దెబ్బ వల్ల అని చెప్పినవారూ ఉన్నారు. యర్మూక్ అన్నది జోర్డాన్ నదిలో కలిసే ఒక ఉపనది. హిజ్రీ 15వ సంవత్సరంలో, అంటే క్రీ.శ. 636లో, హజ్రత్ ఉమర్ (రజి) ఖిలాఫత్ కాలంలో ఆ నది ఒడ్డున రోమన్ సామ్రాజ్య సైన్యంతో ముస్లిములు పోరాడారు. హజ్రత్ అబూ ఉబైదా (రజి), హజ్రత్ ఖాలిద్ బిన్ వలీద్ (రజి) ముందు నిలిచి నడిపిన యుద్ధం అది. రోమన్ విలుకాండ్ర బాణాలు ఆ రోజు ఎన్నో కళ్ళను తీసుకున్నాయి. కొన్ని గ్రంథాల్లో ఆ దినానికి కళ్ళు పోయిన రోజు అనే పేరే పడింది. హజ్రత్ అబూ సుఫ్యాన్ (రజి) ఒక కన్ను అంతకు ముందు తాయిఫ్‌లో పోగొట్టుకున్నారు, రెండోది ఇక్కడ పోయింది. హజ్రత్ ముగీరా బిన్ షోబా (రజి), హాషిం బిన్ ఉత్బా, అష్‌అస్ బిన్ ఖైస్ కూడా ఒక్కో కన్ను అక్కడే ఇచ్చి వచ్చారు. ఈ చివరి ఇద్దరి పేర్లు పాఠకులు గుర్తుంచుకోవాలి, మళ్ళీ వస్తాయి. మాలిక్ చూపు కూడా పోయిందని కొందరు వ్రాశారు. ఆయనకు మిగిలిన పేరు మాత్రం కంటి గురించి కాదు, రెప్ప గురించి చెబుతుంది.

రెప్ప తిరగబడితే ఏమవుతుందో కాస్త వివరంగా చెప్పుకుందాం. ఎందుకంటే చూసేవారికి అది వికారంగా మాత్రమే కనిపిస్తుంది, భరించేవారికి అది రోజంతా పని చేసే బాధ. గాయం గానీ, కాలిన పుండు గానీ మానేటప్పుడు ఆ చోట చర్మం గట్టిపడి మచ్చ కడుతుంది. మచ్చ రోజులు గడిచేకొద్దీ ముడుచుకుంటుంది. రెప్ప చర్మం శరీరంలో అన్నిటికంటే పల్చనిది. అందువల్ల పక్కనున్న మచ్చ లాగితే అది ఆగలేదు, కనుగుడ్డును విడిచి బయటికి మడత పడుతుంది. లోపలి ఎర్రటి పొర గాలికి తెరుచుకుంటుంది. కన్నీరు ముక్కు వైపున్న సన్నని రంధ్రంలోకి దిగాలి. ఆ రంధ్రం కంటికి దూరం కావడంతో నీళ్ళు చెంప మీదికి జారుతూనే ఉంటాయి. విచిత్రం ఏమిటంటే, ఒక పక్క నీళ్ళు కారుతున్నా కనుగుడ్డు మాత్రం ఎండిపోతుంది, ఎందుకంటే రెప్ప దాన్ని తడిపి తుడవలేదు. నిద్రలో కూడా కన్ను పూర్తిగా మూసుకోదు. దుమ్ము, ఎండ నేరుగా తగిలి నల్లగుడ్డు మీది అద్దం లాంటి పొర పుండుపడి, చివరికి చూపే పోవచ్చు. అరబ్బు ఎడారి గాలిలో, గుర్రపు డెక్కలు లేపిన ధూళిలో, ఇరవై ఏళ్ళకు పైగా ఇలాంటి కంటితో ఒక మనిషి సైన్యాలు నడిపాడన్నది మనం మరచిపోరాదు.

తర్వాతి శతాబ్దాల ముస్లిం వైద్యులు ఈ వ్యాధిని షత్రా అనే పేరుతోనే తమ గ్రంథాల్లో వర్ణించారు. బాగ్దాద్‌కు చెందిన అలీ బిన్ ఈసా కంటి వైద్యులకోసం వ్రాసిన తజ్‌కిరతుల్ కహ్హాలీన్ వందల ఏళ్ళు పాఠ్యగ్రంథంగా నిలిచింది. ఉందులుస్ శస్త్రవైద్యుడు అబుల్ ఖాసిం జహ్రావీ, గాయాన్ని సరిగా కుట్టకపోయినా, వాత సరిగా పెట్టకపోయినా రెప్ప ముడుచుకుపోతుందని హెచ్చరించాడు. అంటే తప్పు వైద్యుడి చేతిదీ కావచ్చునని ఒక వైద్యుడే ఒప్పుకున్నాడు! ముడుచుకున్న మచ్చను కోసి, అంచులు మళ్ళీ అతుక్కోకుండా మధ్యలో నూలుపట్టీ పెట్టి మాననివ్వాలనీ, ఆరబెట్టే మందులు వాడితే మొదటికంటే ఎక్కువ ముడుచుకుంటుందనీ, మెంతుల వంటి మెత్తబరచేవి వాడాలనీ ఆయన పద్ధతి. ఈనాటి వైద్యులు కూడా మచ్చను విడదీసే మొదలుపెడతారు. ఆ ఖాళీలో రెండో కంటి పై రెప్ప నుంచో, చెవి వెనుక నుంచో తీసిన చర్మం అతుకుతారు. కాబట్టి మన ఇంట్లో ఎవరికైనా కాలిన గాయం వల్లనో, ప్రమాదం వల్లనో రెప్ప ఇలా తిరిగితే తఖ్దీర్ అని ఊరుకోకుండా కంటి వైద్యునికి చూపించాలి. చికిత్స చేయించుకోవడం తవక్కుల్‌కు విరుద్ధం కాదు.

వుజూ గురించి కూడా ఒక మాట. కంటి లోపలి భాగం కడగటం వుజూలో ఎవరికీ విధి కాదు. గాయపడిన రెప్పకు నీళ్ళు హాని చేస్తాయనుకుంటే తడిచేత్తో మసహ్ చేయవచ్చు, అదీ హాని అయితే ఆ చోటు వదిలేయవచ్చు. జబ్బు కారణంగా ఆగకుండా నీరు కారేవారు తమ పరిస్థితి దగ్గరలోని ఆలిమ్‌కు చెప్పి అడిగి తెలుసుకోవాలి. మాజూర్‌కు షరీఅత్‌లో వేరే సౌలభ్యం ఉంది.

ఇక ఒకరి రెప్పను మరొకరు ఇలా చేస్తే? ఇమామ్ మాలిక్ (రహ్మ) – ఈయన మదీనా ఇమామ్, మన కథలోని మాలిక్ కాదు – ముఅత్తాలో ఈ ప్రశ్నకు చోటిచ్చారు. రెప్ప తిరగబడటానికి నిర్ణీత పరిహారం లేదు, న్యాయమూర్తి ఆలోచించి తేల్చాలి, చూపు తగ్గితే మాత్రం తగ్గినంత మేరకు పరిహారం చెల్లాలి అన్నది ఆయన అభిప్రాయం. మన ఫిఖా గ్రంథాల్లో నాలుగు రెప్పలూ పోతే పూర్తి దియత్, ఒక్కోదానికి నాలుగో వంతు అని ఉంది. మనిషి ముఖంలోని ఆ చిన్న మడతకు ధర్మం ఇచ్చిన విలువ అది.

యర్మూక్ తర్వాత మాలిక్ అష్తర్ కూఫాలో స్థిరపడ్డారు. తెగ పెద్దగా, మంచి వక్తగా, గుర్రపు రౌతుగా ఆయనకు పేరు వచ్చింది. హజ్రత్ ఉమర్ (రజి), హజ్రత్ ఖాలిద్ (రజి), హజ్రత్ అలీ (రజి), హజ్రత్ అబూ జర్ (రజి)ల నుంచి ఆయన హదీసులు ఉల్లేఖించారు.

ఆయన జీవితంలో మమ్మల్ని అన్నిటికంటే ఎక్కువగా ఆపేసే ఘట్టం హిజ్రీ 32లో జరిగింది, యుద్ధభూమిలో కాదు. మదీనాకు దూరంగా రబజా అనే నిర్జన ప్రదేశంలో హజ్రత్ అబూ జర్ గిఫారీ (రజి) మరణశయ్యపై ఉన్నారు. పక్కన భార్య ఉమ్మె జర్ తప్ప ఎవరూ లేరు. ఆమె ఏడుస్తోంది. ఈ ఎడారిలో ప్రాణం పోతే కఫనుకు చాలినంత బట్ట కూడా ఇంట్లో లేదు. ఏడవవద్దని భర్త ఓదార్చారు. మీలో ఒకరు జనం లేని చోట మరణిస్తారనీ, విశ్వాసుల బృందం ఒకటి ఆయన దగ్గరికి చేరుతుందనీ దైవప్రవక్త (స) చెప్పగా తాను విన్నాననీ, ఆనాడు అక్కడ ఉన్నవారంతా ఊళ్ళలోనే మరణించారనీ, మిగిలింది తానేననీ చెప్పారు. దారి చూడమన్నారు. హజ్ యాత్రికులు వెళ్ళిపోయాక ఇక ఈ దారిన ఎవరు వస్తారని ఆమె నిరాశ. అయినా ఇసుకదిబ్బ ఎక్కి చూసేది, దిగి వచ్చి భర్తకు సేవ చేసేది, మళ్ళీ ఎక్కేది. చివరికి దూరాన ఒంటెలపై కొందరు కనిపించారు. ఆమె గుడ్డ ఊపింది. వారు ఒంటెలను అదిలించి పరుగున వచ్చారు.

అధికారిగా, వార్తాహరునిగా పనిచేసినవారెవరూ తనకు కఫను ఇవ్వకూడదని అబూ జర్ (రజి) కోరారు. వచ్చినవారిలో దాదాపు అందరూ ఏదో ఒక పదవి చేసినవారే. ఒక అన్సారీ యువకుడు మాత్రం ఏదీ చేయలేదు. తన తల్లి వడికిన నూలుబట్టలు అతని దగ్గర ఉన్నాయి. ఆ తల్లి చేతి నూలులోనే సహాబీ ఈ లోకం వదిలారు. ఆ బృందంలో మాలిక్ అష్తర్ ఉన్నారని ఇబ్నె అబ్దుల్ బర్ (రహ్మ) తదితరులు వ్రాశారు. ముస్నద్ అహ్మద్‌లో ఈ వృత్తాంతం మనకు చేరింది కూడా ఆయన ద్వారానే. ఉమ్మె జర్ చెప్పగా అష్తర్ విన్నారు, ఆయన నుంచి ఆయన కొడుకు ఇబ్రాహీం విన్నారు.

ఇక్కడి నుంచి మా కలం నెమ్మదిగా నడవాలి. ఎందుకంటే రబజాలో సమాధికి మట్టి వేసిన ఆ చేతులే మూడేళ్ళలో ఒక కల్లోలానికి తలుపు తెరవడంలో పాలుపంచుకున్నాయి. కూఫా గవర్నరు సయీద్ బిన్ ఆస్ సభలో, ఇరాక్ సారవంతమైన భూములు ఖురైషీయుల తోట అన్న మాట వచ్చింది. ఆ భూమిని తమ ఖడ్గాలు గెలిచాయని అష్తర్, ఆయన తోటివారు భగ్గుమన్నారు. తోపులాట జరిగింది. హజ్రత్ ఉస్మాన్ (రజి) ఆదేశం మేరకు వారిని షామ్‌కు, అక్కడి నుంచి హిమ్స్‌కు పంపారు. హిజ్రీ 34లో అష్తర్ తిరిగి వచ్చి, సయీద్‌ను నగరంలోకి రానీయకుండా కూఫావాసులతో దారికి అడ్డం నిలిచారు. ఖలీఫా మెత్తబడి, వారు కోరిన హజ్రత్ అబూ మూసా అష్అరీ (రజి)ని గవర్నరుగా ఇచ్చారు. అంతటితో ఆగి ఉంటే ఎంత బాగుండేది! మరుసటి ఏడు ఈజిప్టు, బస్రా, కూఫాల నుంచి దళాలు మదీనా చేరాయి. కూఫా దళంలో ప్రముఖుడు అష్తర్. హిజ్రీ 35, జుల్‌హిజ్జాలో ఎనభై ఏళ్ళు దాటిన ఖలీఫా, దైవప్రవక్త (స) అల్లుడు, ఖుర్ఆన్ పారాయణం చేస్తూ తన ఇంట్లోనే షహీద్ అయ్యారు.

ఆ చివరి రోజుల్లో అష్తర్ ముట్టడి నుంచి పక్కకు తప్పుకున్నారని, హత్యలో ఆయన చేయి లేదని చెప్పే ఉల్లేఖనాలు ఉన్నాయి. మేము వాటిని దాచం. కానీ ప్రవాహానికి గట్టు తెంచినవాడు, నీళ్ళు ఎవరి ఇంట్లోకి పోయాయో తనకు తెలియదంటే సరిపోతుందా? ఈ విషయంలో ఆయన్ని సమర్థించడం మా వల్ల కాదు. తిట్టడమూ మా పని కాదు. ఆ రక్తంలో మన చేతులు తడవకుండా అల్లాహ్ కాపాడాడు, నాలుకలను ఎందుకు తడుపుకోవాలని మన పెద్దలు అన్న ధోరణే మాకు శ్రేయస్కరంగా తోస్తుంది.

అష్తర్ హజ్రత్ అలీ (రజి)కి బైఅత్ చేసి, చివరి శ్వాస దాకా ఆయన పక్షాన నిలిచారు. హిజ్రీ 36లో బస్రా దగ్గర జమల్ యుద్ధం జరిగింది. ఉమ్ముల్ మోమినీన్ హజ్రత్ ఆయిషా (రజి) ఎక్కిన ఒంటె చుట్టూ ఘోరమైన పోరు సాగింది. ఆమె అక్క కొడుకు హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ జుబైర్ (రజి), అష్తర్ ఎదురెదురు పడ్డారు. ఖడ్గాలతో మొదలైన పోరు కలబడటంగా మారి ఇద్దరూ నేల మీద దొర్లారు. పెనుగులాటలో ఇబ్నె జుబైర్ (రజి) తన మనుషులకు కేక వేశారు. నన్నూ, మాలిక్‌నూ కలిపి చంపేయండని ఆ కేక సారాంశం. తాను పోయినా ఫరవాలేదు, ఈయన మిగలకూడదన్నది పట్టుదల. చుట్టూ ఉన్నవారు దిక్కులు చూశారు. మాలిక్ ఎవరు? ఆ పేరుగల మనిషిని వారు ఎరుగరు. అష్తర్ అని ఒక్క మాట అని ఉంటే వంద ఖడ్గాలు ఒకేసారి దిగేవి. ఆ సందిగ్ధంలో అష్తర్ విడిపించుకుని బయటపడ్డారు. యర్మూక్‌లో ముఖాన్ని పాడుచేసి, తండ్రి పెట్టిన పేరును మరుగున పడేసిన ఆ గాయమే, ఇరవై ఏళ్ళ తర్వాత ఆయన ప్రాణం కాపాడింది. ఒళ్ళంతా గాయాలతో ఇబ్నె జుబైర్ (రజి) కూడా బ్రతికారు. తర్వాత అష్తర్ ఒక ఒంటెను కొని హజ్రత్ ఆయిషా (రజి)కు పంపారనీ, అబ్దుల్లాహ్‌తో జరిగినది మరువని ఆమె దాన్ని స్వీకరించలేదనీ తబరీ చరిత్రలో ఉంది.

మరుసటి ఏడు సిఫ్ఫీన్. యుఫ్రటీస్ నది రేవు షామ్ సైన్యం చేతిలో ఉండటంతో ఇరాక్ సైన్యానికి నీళ్ళు అందలేదు. అష్తర్, అష్‌అస్ బిన్ ఖైస్ కలిసి పోరాడి రేవు గెలిచారు. గెలిచాక ఎదుటివారికి నీళ్ళు ఆపవద్దని హజ్రత్ అలీ (రజి) ఆజ్ఞాపించగా, రెండు సైన్యాలూ ఒకే రేవులో దాహం తీర్చుకున్నాయి. యర్మూక్‌లో కన్ను పోగొట్టుకున్న హాషిం బిన్ ఉత్బా హజ్రత్ అలీ (రజి) జెండా పట్టుకుని అక్కడే ప్రాణం విడిచారు. రాత్రంతా సాగిన పోరు తర్వాత తెల్లవారేసరికి అష్తర్ దళం షామ్ శిబిరానికి బాగా దగ్గరపడింది. అప్పుడు ఈటెల మీద ఖుర్ఆన్ ప్రతులు లేచాయి. యుద్ధం ఆపమని ఇరాక్ సైన్యంలోనే ఒత్తిడి మొదలైంది. ముందు నిలిచింది ఎవరో కాదు, అష్‌అస్ బిన్ ఖైస్. ఒకే మైదానంలో, ఒకే శత్రువు చేతిలో కళ్ళు గాయపడిన ఇద్దరు, ఇప్పుడు ఒకే శిబిరంలో ఉండి ఒకే దృశ్యాన్ని రెండు విధాలుగా చూశారు. ఒకరికి అది రక్తపాతం ఆపే అవకాశం, మరొకరికి చేజారుతున్న విజయం. వెనక్కి రమ్మని ఖలీఫా కబురు పంపితే, ఇంకాస్త సమయం ఇవ్వమని అష్తర్ వేడుకున్నారు. రెండోసారి పిలుపు వచ్చాక వెనుదిరిగారు. ఆ తిరుగుదలలో ఉన్న విధేయతను ఆయన విమర్శకులు కూడా గమనించాలి. మధ్యవర్తిగా హజ్రత్ అలీ (రజి) ఆయన పేరు సూచిస్తే అష్‌అస్ వర్గం ఒప్పుకోలేదు. ఒప్పందపత్రం మీద తన పేరు వ్రాయటానికి అష్తర్ ఇష్టపడలేదు.

తర్వాత ఆయన నసీబీన్ కేంద్రంగా జజీరా ప్రాంతాన్ని పాలించారు. ఈజిప్టులో పరిస్థితి చేయిదాటుతుండటంతో ఖలీఫా ఆయన్ని పిలిపించి అక్కడికి గవర్నరుగా నియమించారు. ఈ సందర్భంలో వ్రాసినదిగా చెప్పే సుదీర్ఘమైన లేఖ ఒకటి నహ్జుల్ బలాగాలో ఉంది. ఆ గ్రంథాన్ని హిజ్రీ నాలుగో శతాబ్దం చివర షరీఫ్ రజీ కూర్చాడు. లేఖ సనదు గురించి ధర్మపండితుల్లో చర్చ ఉంది. అందులోని విషయాలు మాత్రం ఏ పాలకుడు చదివినా తల వంచాల్సినవే. ప్రజలలో ఒకరు నీకు ధర్మంలో సోదరుడు, మరొకరు సృష్టిలో నీవంటివాడు కనుక అందరిపట్లా దయగా ఉండాలని, పన్ను వసూలుకంటే భూమి బాగుపడటంపై ఎక్కువ శ్రద్ధ పెట్టాలని, ఖాజీ చేయి చాచే అవసరం రాకుండా తగిన జీతం ఇవ్వాలని, ఆపదలో ఉన్నవారిని కలవటానికి కాపలాదారులు లేని సమయం కేటాయించాలని, శత్రువుతో చేసిన ఒప్పందాన్ని కూడా నిలబెట్టుకోవాలని, అకారణంగా రక్తం చిందించరాదని అందులో ఉంది. ఎవరికి రక్తం గురించి ఈ హెచ్చరిక చేయబడిందో ఆలోచిస్తే, ఆ లేఖ మరింత బరువుగా తోస్తుంది.

ఆ లేఖ అమలు కాలేదు. ఇప్పటి సూయెజ్ నగరానికి దగ్గరలో ఖుల్జుమ్ అనే రేవు ఉండేది. ఈజిప్టు సరిహద్దు అది. అక్కడ విడిది చేసినప్పుడు తేనె కలిపిన పానీయం తాగి అష్తర్ మరణించారు. హిజ్రీ 38 అని కొందరు, 37 అని కొందరు. తేనెలో విషం కలిపారన్నది ప్రసిద్ధమైన కథనం. కలిపించింది ఎవరన్న విషయంలో ఒక సహాబీ పేరు చెప్పే ఉల్లేఖనాలపై ఇబ్నె కసీర్ (రహ్మ) సందేహం వెలిబుచ్చారు. అంత పెద్ద నింద వేయటానికి ఆ ఆధారాలు మాకు చాలవు. కబురు కూఫా చేరినప్పుడు హజ్రత్ అలీ (రజి) ఎంతగా దుఃఖించారంటే, బంధువును పోగొట్టుకున్నది మేమా, ఆయనా అనిపించిందని, ఆ విచారం చాలా రోజులు ఆయన ముఖంలో కనిపించిందని అల్‌ఖమా (రహ్మ) చెప్పారు. అల్‌ఖమా అష్తర్ తెగవాడే.

హదీసు పండితులు ఈ మనిషిని తూచిన తీరు చూడండి. ఇజ్లీ (రహ్మ) ఆయన్ని నమ్మదగిన తాబయీగా లెక్కించారు. ఇబ్నె హిబ్బాన్ (రహ్మ) విశ్వసనీయుల జాబితాలో చేర్చారు. సుననె నసాయీలో ఆయన ఉల్లేఖనం ఉంది. ఇమామ్ అహ్మద్ బిన్ హంబల్ (రహ్మ)ను మాత్రం ఆయన నుంచి హదీసు తీసుకోవచ్చా అని అడిగితే వద్దన్నారు. అయినా అబూ జర్ (రజి) మరణ వృత్తాంతం ఆ ఇమామ్ ముస్నద్‌లోనే ఆయన ద్వారా వచ్చి కూర్చుంది. జహబీ (రహ్మ) ఆయన శౌర్యాన్నీ వ్రాశారు, హజ్రత్ ఉస్మాన్ (రజి)కి వ్యతిరేకంగా జనాన్ని రెచ్చగొట్టిన సంగతినీ అదే పేజీలో వ్రాశారు.

ఆయన కొడుకు ఇబ్రాహీం చరిత్రలో ఇబ్నుల్ అష్తర్‌గానే నిలిచాడు. రెప్ప మీది గాయం ఈ విధంగా రెండో తరానికి కూడా పేరుగా వచ్చింది. హిజ్రీ 67లో మోసుల్ దగ్గర ఖాజిర్ నది ఒడ్డున, కర్బలా దుర్ఘటనకు బాధ్యుడైన ఉబైదుల్లాహ్ బిన్ జియాద్‌ను ఓడించి హతమార్చింది ఇబ్రాహీం సైన్యమే. ఆ తర్వాత ఆయన ముస్అబ్ బిన్ జుబైర్ పక్షాన చేరాడు. హిజ్రీ 72లో మస్కిన్ దగ్గర అబ్దుల్ మలిక్ సైన్యం ఎదుట, ముస్అబ్ వెంట వచ్చిన చాలామంది పక్కకు తప్పుకున్నారు. ఇబ్రాహీం తప్పుకోలేదు. పోరాడి అక్కడే నేలకొరిగాడు. ముస్అబ్ ఎవరో కాదు, జమల్ మైదానంలో మాలిక్ అష్తర్‌తో కలబడి, తనతో పాటు మాలిక్‌ను కూడా చంపమని కేక వేసిన అబ్దుల్లాహ్ బిన్ జుబైర్ (రజి)కి తమ్ముడు.